జిగురు బియ్యం వండటానికి ఏది మేలు: వెదురు బుట్టా, ఇడ్లీ పాత్రా, రైస్ కుక్కరా?

థాయ్ వంట చేస్తున్నాం కాబట్టి జిగురన్నం ఉండి తీరాలని ఏమీ లేదు. గ్రీన్ కర్రీ, మసమాన్ లాంటి కొబ్బరిపాల కూరలు చేస్తే పక్కన జాస్మిన్ అన్నం పెట్టుకోండి, హాయిగా కలుపుకుని తినొచ్చు. జిగురన్నం, అంటే వాళ్ల ఖావ్ నియావ్, ఈశాన్యాన ఉన్న ఈసాన్ ప్రాంతానిది, ఉత్తరాన చియాంగ్ మాయ్ వైపుది, మెకాంగ్ నది దాటితే లావోస్‌ది. పచ్చి బొప్పాయితో దంచే సోమ్ తమ్, బొగ్గుల మీద కాల్చిన కోడి, వేయించిన బియ్యప్పొడి, పుదీనా కలిపిన ఖీమా సలాడ్ లాబ్... ఇవి చేసిన రోజున మాత్రం ఇంకే అన్నమూ పనికిరాదు.

అక్కడ అన్నంలో కూర కలుపుకోరు. చిన్న ముద్ద తుంచి, వేళ్లతో నొక్కి ఉండ చేసి, కారం పచ్చడిలో అద్దుకుంటారు. కాబట్టి అన్నం తనలో తాను అంటుకోవాలి, చేతికి అంటుకోకూడదు, ఏ గింజకా గింజ కనిపించాలి. కింద చెప్పే పద్ధతులన్నిటినీ నేను ఈ ఒక్క కొలతతోనే తూచాను.

ముందుగా బియ్యం. సోనా మసూరిని ఎంత మెత్తగా ఉడికించినా ముద్దయ్యే అన్నమే వస్తుంది తప్ప ఇది రాదు. మామూలు బియ్యపు పిండిపదార్థంలో అన్నాన్ని పొడిపొడిగా ఉంచే అమైలోజ్ ఉంటుంది. జిగురు బియ్యంలో అది దాదాపు శూన్యం, ఉన్నదంతా జిగురునిచ్చే అమైలోపెక్టిన్. పచ్చి గింజ కూడా సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది, వెలుతురు దూరనివ్వదు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఆసియా దుకాణాల్లో గ్లూటినస్ రైస్ అనో స్వీట్ రైస్ అనో రాసిన సంచుల్లో దొరుకుతుంది. పొడుగు గింజ ఉన్న థాయ్ రకమే తీసుకోండి, పొట్టి గింజ జపాన్ రకం ఇంకా మెత్తబడుతుంది. థాయ్‌లాండ్‌లో పేరున్న ఆర్‌డీ6 అనే జిగురు రకం పుట్టుక చిత్రమైనది: జిగురు లేని సువాసన బియ్యమైన ఖావ్ దోక్ మలి 105 విత్తనాల మీద గామా కిరణాలు ప్రసరింపజేసి తయారుచేశారు, 1977లో రైతులకిచ్చారు. మన దేశంలో అస్సాం బోరా బియ్యం కూడా జిగురు జాతే.

ఇక నానబెట్టడం. ఏ పాత్రలో వండినా దీన్ని తప్పించుకోలేం. కనీసం నాలుగు గంటలు, రాత్రంతా అయితే ఇంకా మంచిది. ఆవిరి గింజని ఉడికిస్తుంది కానీ లోపలికి నీళ్లు పెద్దగా పంపదు, ఆ నీళ్లు ముందే పట్టి ఉండాలి. గింజని గోటితో నొక్కితే పిండిలా చిట్లిపోవాలి, అప్పుడు నానినట్టు. తొందరగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు. నానని బియ్యాన్ని వెదురు బుట్టలో పెట్టినా పలుకుగానే మిగులుతుంది.

ఈసాన్ ఇళ్లలో వాడేది కోసుగా అల్లిన వెదురు బుట్ట. మెడ సన్నగా, మూతి వెడల్పుగా ఉండే అల్యూమినియం కుండలో నీళ్లు మరుగుతుంటే దాని మూతిలో బుట్ట కూర్చుంటుంది, అడుగు నీళ్లకి తగలదు. పావుగంటయ్యాక బుట్టని ఒక్క కుదుపు కుదిపి అన్నం ముద్ద మొత్తాన్ని తిరగేస్తారు, మరో ఐదారు నిమిషాల్లో దించేస్తారు. దీని గొప్పంతా వెదురులోనే ఉంది. అదనపు తేమని అది పీల్చుకుంటుంది, అందుకే అన్నం చెమర్చదు. ఇబ్బందీ ఆ వెదురుతోనే: అల్లికలో గింజలు ఇరుక్కుని ఎండిపోతాయి, నానబెట్టి తోమాలి, సబ్బు వాడకూడదు, బాగా ఎండలో పెట్టాలి. విశాఖ లాంటి ఊళ్లో వానాకాలం సరిగ్గా ఆరకపోతే బూజు పట్టడం ఖాయం. నెలకి నాలుగైదుసార్లు వండేవాళ్లయితే కొనండి. ఏడాదికోసారి అయితే అది అటక మీద సామానే.

మిగతా అందరికీ నా ఓటు ఇడ్లీ పాత్రకే. ఇడ్లీ రేకులు తీసేసి చిల్లుల పళ్లెం మీద తడిపి పిండిన పల్చని నూలుగుడ్డ పరచండి. చిల్లుల పళ్లెం లేకపోతే గిన్నె మూతికి వాసెన కట్టండి, కుడుములు ఉడికించడానికి ఒకప్పుడు కట్టినట్టే. నానిన బియ్యం వడకట్టి అంగుళం మందాన పరిచి, నడుమ చిన్న గుంట చేస్తే ఆవిరి అంతటా తిరుగుతుంది. ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు, సగంలో గుడ్డ అంచులు పట్టుకుని ఒకసారి తిరగెయ్యాలి. స్టీలు మూత నుంచి నీటిబొట్లు కారి పైపొరని చిత్తడి చేస్తాయి, అందుకని మూతకి కూడా పొడిగుడ్డ చుట్టండి. ఇంత చేస్తే వెదురు బుట్ట అన్నానికీ దీనికీ ఉన్న తేడా, ఈసాన్‌లో పుట్టినవాళ్లు తప్ప ఎవరూ పట్టుకోలేరనుకుంటాను. ప్రెషర్ కుక్కర్ వాడేటట్టయితే విజిల్ తీసేసి మాత్రమే.

రైస్ కుక్కర్ సుఖం మాట నిజమే. నానిన బియ్యం, కప్పుకి ముప్పావు కప్పు మించకుండా నీళ్లు, మీట నొక్కి వెళ్లిపోవచ్చు. కానీ అది ఉడకబెట్టడం, ఆవిరిపట్టడం కాదు. అడుగు పొర జావగా, పైపొర గట్టిగా తేలుతుంది, ఉండ చేస్తే వేళ్లకి బంకలా పట్టుకుంటుంది. మామిడిపండుతో పెట్టే తీపి జిగురన్నానికైతే ఓర్చుకోవచ్చు, ఎలాగూ చెంచాతోనే తింటాం. అయితే ఈ అన్నం అప్పటికే నీళ్లు తాగి ఉంటుంది కాబట్టి పంచదార, ఉప్పు కలిపిన కొబ్బరిపాలు తక్కువ పొయ్యాలి. మైక్రోవేవ్ ఒక్కరికి, ఒక్క గుప్పెడు బియ్యానికి పనికొస్తుంది. అంతకు మించితే ఒకచోట రబ్బరు, ఒకచోట పలుకు.

ఎలా వండినా దించగానే వెడల్పాటి పళ్లెంలో పరిచి, తడి గరిటెతో రెండుమూడుసార్లు మడిచి ఆవిరి పోనివ్వండి. తర్వాత మూత పెట్టాలి, గాలి తగిలితే నిమిషాల్లో ఎండిపోతుంది. వాళ్లకి దీనికోసం క్రతిప్ అనే మూతబుట్ట ఉంది. మన హాట్‌ప్యాక్ సరిపోతుంది, లోపల ఒక గుడ్డ పరిస్తే చాలు. ఫ్రిజ్‌లో పెట్టినది రాయైపోతుంది, మళ్లీ ఆవిరి పట్టిస్తే తిరిగి మెత్తబడుతుంది. అంత ఓపిక లేకపోతే బిళ్లలుగా ఒత్తి, ఉప్పేసి గిలక్కొట్టిన గుడ్డులో ముంచి పెనం మీద కాల్చండి. ఈసాన్‌లో దాన్ని బొగ్గుల మీద కాలుస్తారు, పేరు ఖావ్ చీ.