చిన్న ఆర్గానిక్ దుకాణంలో ఏ సరుకు పెడితే మేలు?

చిన్న దుకాణంలో ర్యాకులు కొన్నే ఉంటాయి. శాంపిళ్లు పట్టుకుని వచ్చే సప్లయర్లకు మాత్రం కొదవ ఉండదు. తేనెలో నాలుగు రకాలు, నూనెల్లో ఆరు, ఇక బిస్కెట్లయితే చెప్పక్కర్లేదు. రుచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. కాబట్టి "బాగుందా లేదా" అన్న ప్రశ్నతో ఏదీ తేలదు. అమ్ముడుపోకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో చూస్తే చాలావరకు తేలుతుంది.

ముందు డబ్బు సంగతి. మార్జిన్ ఎక్కువున్న సరుకు మేలా, త్వరగా కదిలేది మేలా? ఒక ఖరీదైన నూనె మీద 100 పెట్టుబడికి 40 మిగులుతుంది అనుకుందాం. కానీ ఆ స్టాకు ఖాళీ కావడానికి ఆరు నెలలు పడుతుంది. మామూలు పప్పు మీద 100కి 15 మాత్రమే మిగులుతుంది, అయితే నెలకోసారి ఖాళీ అవుతుంది. ఏడాది తిరిగేసరికి అదే 100 నూనెలో 80 సంపాదిస్తే, పప్పులో 180 సంపాదిస్తుంది. సప్లయర్ మార్జిన్ గురించి గొప్పగా చెబుతున్నప్పుడు ఈ లెక్క గుర్తుంటే మంచిది. అలాగని ఆ నూనెను వెంటనే తీసెయ్యక్కర్లేదు. అది ఉన్న బిల్లులు కొన్ని తిరగేసి, వాటిలో ఇంకేం సరుకులున్నాయో చూడండి. దాని కోసం వచ్చినవాళ్లు సంచి నిండా కొనుక్కుపోతుంటే, ఆ సీసా అక్కడ ఉండాల్సిందే.

తర్వాతది లూజు సరుకా, ప్యాకెట్లా అన్నది. నన్నడిగితే ఇందులోనే ఎక్కువమంది తొందరపడతారు. పెద్ద డబ్బాల్లో ధాన్యాలు, పప్పులు వరుసగా పెడితే దుకాణానికి ఒక కళ వస్తుంది. ప్లాస్టిక్ తగ్గుతుంది, కొనేవాళ్లు కావాల్సినంతే తీసుకోవచ్చు. కొత్త ధాన్యమేదైనా రుచి చూడాలనుకునేవాళ్లు గుప్పెడు కొంటారు గానీ, కిలో ప్యాకెట్ కొనరు. ఇదంతా నిజమే.

కానీ పురుగు సంగతీ చూడాలి. బియ్యం పురుగు గింజకు చిన్న కన్నం చేసి, లోపల గుడ్డు పెట్టి, కన్నం పూడ్చేస్తుంది. పిల్లపురుగు గింజ లోపలే తిని పెరుగుతుంది. అందుకే మొదట్లో జల్లించినా, చేత్తో ఏరినా ఏమీ కనబడదు. వెచ్చటి వాతావరణంలో నెల తిరిగేసరికి బయటికొస్తుంది. మామూలు గోదాముల్లో దీనికి ఫాస్ఫీన్ లాంటి విషవాయువు పెడతారు. ఆర్గానిక్ సరుకుకు అది పనికిరాదు. ఉన్న దారులు చల్లదనం, కార్బన్ డయాక్సైడ్, గాలి తీసేసిన ప్యాకింగ్. బస్తా విప్పి డబ్బాలో పోశారంటే ప్యాకింగ్ ఇచ్చిన రక్షణ పోయినట్టే. పైగా పాత గింజలు అడుగున ఉండగానే పైన కొత్తవి పోస్తే, అడుగున ఉన్న పురుగు మొత్తానికీ పడుతుంది. డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, ఆరాకే మళ్లీ నింపాలి. రద్దీ రోజున ఈ పని ఎవరు చేస్తారో ముందే అనుకోవాలి.

గ్లూటెన్ (గోధుమ, బార్లీ లాంటి గింజల్లో ఉండే ప్రొటీన్) సంగతి ఇంకా సున్నితమైనది. గ్లూటెన్ లేని ఆహారం అనాలంటే అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం అంటుంది. గోధుమపిండి డబ్బాలోని గరిటెను ఎవరైనా పక్క డబ్బాలో ముంచారంటే, ఆ పక్క డబ్బాను ఇక నమ్మలేం. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు ఇది ప్రాణం మీదికి తెచ్చే సమస్య కాకపోయినా, పేగులు పాడయ్యే సమస్య. కాబట్టి గ్లూటెన్ లేనివి అనే పేరుతో అమ్మేవన్నీ సీలు వేసిన ప్యాకెట్లలోనే ఉండాలి, ఇందులో బేరం లేదు. పిండ్లు కూడా ప్యాకెట్లలోనే, అదీ చిన్నవే మేలు. ముడిపిండిలో తవుడు, మొలక భాగం ఉంటాయి, వాటిలో నూనె ఉంటుంది. మర పట్టగానే ఆ నూనెకు గాలి తగిలి, కొన్నాళ్లకు పిండి చేదెక్కుతుంది. గింజగా ఉన్నంతకాలం ఆ బాధ తక్కువ.

మొత్తమ్మీద వేగంగా అమ్ముడయ్యే మూడు నాలుగు గింజలు మాత్రం లూజుగా, మిగతావి ప్యాకెట్లలో ఉంటే చాలు. బాదం, అక్రోట్ల లాంటివి లూజుగా పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. అక్రోట్లలో ఉండే నూనె త్వరగా పాతవాసన వస్తుంది. వెలుతురు పడే గాజు డబ్బాలో అయితే ఇంకా త్వరగా.

తాజా కూరగాయలు పెట్టాలా, ఎండు సరుకుతో సరిపెట్టాలా? ఎండు సరుకు నెలల తరబడి ఆగుతుంది, కానీ దానికోసం మనుషులు నెలకోసారే వస్తారు. కూరగాయలు వారం వారం రప్పిస్తాయి. దుకాణం ఊపందుకునేది ఆ రాకపోకలతోనే. మరి లెక్క చూద్దాం: అమ్మకం ధరలో నాలుగో వంతు మీ మార్జిన్ అయితే, ఆకుకూర నాలుగు కట్టల్లో ఒక్కటి వాడిపోయినా లాభం సున్నా. దీనికి తోడు పండుతున్న అరటిపళ్లు, ఆపిళ్లు ఎథిలీన్ వాయువు వదులుతాయి, పక్కనున్న ఆకులు పసుపు రంగుకు తిరిగిపోతాయి. చోటు చాలక అన్నీ ఒకే బల్ల మీద సర్దే దుకాణంలో ఇది రోజూ జరిగేదే.

రోజూ తాజా అన్న బోర్డు పెట్టడం కంటే, వారంలో ఒకటి రెండు రోజులు, ముందే ఆర్డర్ తీసుకుని తెప్పించడం నయం. అదనంగా కాస్త తెప్పించినా టెన్షన్ ఉండదు. వచ్చినవాళ్లు ఎండు సరుకూ కొంటారు.

సర్టిఫికెట్ ఉన్న సరుకా, తెలిసిన రైతు సరుకా అన్నది నమ్మకానికి సంబంధించింది. సర్టిఫికెట్ అంటే సాగు పద్ధతికి హామీ. పొలాన్ని, వాడిన ఎరువుల్ని, రికార్డుల్ని బయటివాళ్లు తనిఖీ చేశారని అర్థం. రుచి గురించి గానీ, తాజాదనం గురించి గానీ అది ఏమీ చెప్పదు. రసాయనాలు మానేశాక కూడా పంటను ఆర్గానిక్ పేరుతో అమ్మడానికి సాధారణంగా రెండు మూడేళ్లు ఆగాలి. ఆ మధ్యకాలంలో ఖర్చు రైతుదే, పేరు మాత్రం రాదు. అలాంటివాళ్ల సరుకు మంచిదే అయి ఉండొచ్చు. కానీ దాని మీద "ఆర్గానిక్" అని రాస్తే చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. రైతులు, కొనేవాళ్లు కలిసి ఒకరి పొలం ఒకరు చూసుకునే భాగస్వామ్య హామీ పద్ధతి కూడా ఉంది. అది చిన్న రైతుకు చవక, కానీ అన్ని చోట్లా చట్టం దాన్ని గుర్తించదు.

దూరం నుంచి వచ్చే సరుకుకు సర్టిఫికెట్ తప్పనిసరి అనుకోండి, ఎందుకంటే అక్కడికి వెళ్లి మీరు చూడలేరు. వెళ్లి చూడగలిగిన పొలానికైతే సర్టిఫికెట్ లేకపోయినా ర్యాకులో చోటివ్వచ్చు. బోర్డు మీద ఆర్గానిక్ అన్న మాట మాత్రం రాయకుండా, ఎవరు పండించారో, ఏ మందులు వాడలేదో ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

పేరున్న బ్రాండ్లను ప్రత్యేకంగా బేరీజు వెయ్యాల్సిన పని లేదు. పెద్ద సూపర్‌మార్కెట్లో తక్కువకు దొరికేది మీ దగ్గర ఎందుకు కొంటారు? అలవాటైన రెండు మూడు ఉంచి వదిలెయ్యండి. వాటికన్నా తేనె నయం. నీటిశాతం కోడెక్స్ చెప్పే 20 దాటకుండా ఉండి, మూత గట్టిగా ఉంటే అది ఏళ్ల తరబడి చెడదు. గడ్డకడితే కల్తీ అనుకుని వెనక్కి తెస్తారు గానీ, గ్లూకోజు పేరుకోవడం వల్ల మంచి తేనె కూడా గడ్డకడుతుందని కౌంటర్ దగ్గర ఒక కాగితం అంటిస్తే సరిపోతుంది. ఏడాది లోపు పిల్లలకు పెట్టకూడదని కూడా అందులోనే రాయండి.

ఇక కొత్త సరుకు ఏదైనా సరే, మొదటి ఆర్డర్ ఇచ్చేముందు రెండు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: అమ్ముడుపోనిది వెనక్కి తీసుకుంటారా, ఎక్స్‌పైరీకి ఎన్నాళ్లు ముందు సరుకు పంపుతారు. రెంటికీ "చూద్దాం" అనేవాళ్ల దగ్గర ఒక్క కార్టన్‌తో ఆపండి.