భయం చెప్పి నేర్పే భక్తి, కథ చెప్పి నేర్పే భక్తి: పిల్లలకు ఏది మేలు?

ఎండాకాలం సెలవులిస్తే ఒంగోలు, కందుకూరు, కావలి వైపు పిల్లలకు దేవుడి పాఠాలు మొదలవుతాయి. చర్చిల్లో వీబీఎస్ అనే సెలవుల బైబిల్ బడి, గుళ్ళలో శ్లోకాలు, మసీదుల్లో అరబ్బీ చదువు. ఎన్నింటికి వదులుతారని అడుగుతాం గానీ, అక్కడ దేవుణ్ణి ఎలా పరిచయం చేస్తున్నారో అడగం. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

భయం దారికి ఉన్న బలాన్ని ఒప్పుకోవాలి. అది వెంటనే పనిచేస్తుంది. "అబద్ధం చెబితే కళ్ళు పోతాయి" అనగానే ఐదేళ్ళ పిల్ల నోరు మూసుకుంటుంది. సలసల కాగే నూనె, యమభటులు, ఆరని అగ్నిగుండం, దోజఖ్ (ఇస్లాంలో నరకం) మంటలు, ఏ మతం బొమ్మ చూపించినా ఫలితం ఒకటే. "భయం లేకపోతే మాట వింటారా?" అని పెద్దవాళ్ళు అనేది ఊరికే కాదు, కళ్ళారా చూసే అంటారు.

అయితే ఆ మాట వినడం ఎన్నాళ్ళు? 1965లో జొనాథన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బడిపిల్లల ముందు ఒక రోబో బొమ్మ పెట్టాడు. దాంతో ఆడటం తప్పని అందరికీ చెప్పాడు. కొందరికి మాత్రం, ఆడితే ఊరుకోనని గట్టి బెదిరింపు కూడా జోడించాడు. ఆ పూట దాదాపు ఎవరూ ముట్టుకోలేదు. కొన్ని వారాల తర్వాత, బెదిరించిన మనిషి లేనప్పుడు, అదే బొమ్మ మళ్ళీ వాళ్ళ ముందుకు వచ్చింది. గట్టిగా బెదిరించిన పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది ఆడారు. మామూలుగా చెప్పిన పిల్లల్లో మూడో వంతు కూడా ఆడలేదు. బెదిరింపు విన్నవాళ్ళకి గుర్తున్నది శిక్ష. రెండోవాళ్ళు తప్పును తప్పుగా మనసుకు పట్టించుకున్నారు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. పిల్లల మనసును అధ్యయనం చేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే 1932లోనే రాశాడు: పళ్ళు దొంగిలించి పారిపోతున్న పిల్లవాడి కాళ్ళ కింద వంతెన విరిగిందని కథ చెబితే, దొంగతనం చేశాడు కాబట్టే విరిగిందని ఆరేళ్ళవాళ్ళలో ఎక్కువమంది అన్నారట. ఆ వయసుకి లోకం అలాగే కనిపిస్తుంది. అలాంటి మనసులో నరకం బొమ్మ పెడితే, నాయనమ్మకు జబ్బు చేసినా అది తన పాపం వల్లేనని పిల్ల లోలోపల తేల్చేసుకుంటుంది. పైకి చెప్పదు. పుస్తకానికి కాలు తగిలిందని ఒకసారి కళ్ళకద్దుకుంటుంది. సరిగా అద్దుకోలేదేమోనని మళ్ళీ అద్దుకుంటుంది. పేజీ తిప్పి, వెనక్కి తిప్పి, మళ్ళీ అద్దుకుంటుంది. ప్రభువు రాకడలో నమ్మినవాళ్ళు ఎత్తబడతారు, పాపులు మిగిలిపోతారు అని విన్న పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంటే, సంచి కూడా దించకుండా గడపలో నిలబడి వణికిపోతుంది. వాళ్ళమ్మ ట్యాంకర్ దగ్గర బిందెలు పెట్టుకుని వరసలో ఉంటుంది.

పెద్దయ్యాక నమ్మకం పోయినా ఈ భయం పోదు. "పదకొండు మందికి పంపకపోతే కీడు జరుగుతుంది" అన్న వాట్సాప్ మెసేజ్‌ను ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కూడా డిలీట్ చేయడానికి జంకుతారు. ఒకప్పుడు కరపత్రాలు చేసిన పనే అది. కష్టం వచ్చినప్పుడు దేవుడు తనను శిక్షిస్తున్నాడనుకునేవాళ్ళలో దిగులు ఎక్కువని, దేవుడు తోడున్నాడనుకునేవాళ్ళు మెరుగ్గా తట్టుకుంటారని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ లాంటివాళ్ళ పరిశోధనల్లోనూ తేలింది.

ఇక "పెద్దయ్యాక వాడే తెలుసుకుంటాడులే" అని ఏమీ చెప్పకుండా వదిలేసే దారి. భయం కంటే నయమే, కానీ చాలదు. మనం చెప్పకపోయినా పక్కింటివాళ్ళు చెబుతారు, ఫోన్‌లో నరకం వీడియోలు వస్తాయి. అప్పుడు పిల్లకు అడగడానికి మనిషి ఉండదు.

కథ దారికి సరుకు మన దగ్గరే ఉంది. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకి పిల్లను తీసుకెళ్ళండి. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తుంటారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె. ఇచ్చేవాళ్ళది ఏ మతమో ఎవరూ అడగరు. అందుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వాలన్న సంగతి ఆ పూటే పిల్లకు ఎక్కుతుంది.

నృసింహపురాణం రాసిన కవి ఎర్రన మన ప్రాంతంవాడే. అందులోని ప్రహ్లాదుడి కథే చూడండి. పిల్లవాణ్ణి పాములతో, ఏనుగులతో, నిప్పుతో బెదిరించింది హిరణ్యకశిపుడు. దేవుడు వచ్చింది పిల్లవాణ్ణి కాపాడటానికి. బైబిల్లో తప్పిపోయి వచ్చిన కొడుకును చూసి తండ్రి పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకుంటాడు. ఖురాన్‌లో ఒక్కటి తప్ప ప్రతి సూరా (అధ్యాయం) కరుణామయుడి పేరుతోనే మొదలవుతుంది. ముందు ఇవి చెబుదాం. పాపం, శిక్ష, నరకం గురించిన మాటలు పిల్ల ఎదురు ప్రశ్న వేయగల వయసు వచ్చాక ఎలాగూ మాట్లాడుకోవచ్చు.

ఈ దారిలో ఓపిక కావాలి. ఈరోజు కథ చెబితే రేపు అబద్ధం ఆగిపోదు. "నువ్వు అలా చెప్పడం వల్ల తమ్ముడు దెబ్బలు తిన్నాడు కదా" అని ఎన్నోసార్లు కూర్చోబెట్టి చెప్పాలి. అయినా నేను దీన్నే ఎంచుకోమంటాను, ఎవరూ చూడనప్పుడు కూడా నిలిచేది ఇదే కాబట్టి.

ఇప్పటికే భయపడిన పిల్ల ఇంట్లో ఉంటే నవ్వేయకండి. "దేవుడు చిన్నపిల్లల కళ్ళు తీయడు, అలా అన్నది మా పొరపాటు" అని తేటగా చెప్పండి. ఒక్కసారి చెబితే నమ్మదు, మళ్ళీ మళ్ళీ చెప్పండి. వారాల తరబడి నిద్రపోకపోయినా, చేతులు కడగడమో దండాలో ఆపలేకపోయినా, అది భక్తి అనుకుని మురిసిపోకుండా మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బులేమీ లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.