పెళ్లికి ముందు ఐసీటీసీకి వెళ్లాను

నాకు ముప్పై రెండేళ్లు. కావలిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. నాకు ఆడవారి మీదా మగవారి మీదా ఇష్టం కలుగుతుంది. వచ్చే మాఘంలో పెళ్లి. నా సంగతి అమ్మాయికి తాంబూలాలకు ముందే చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోను చేసి, "ఇద్దరం పరీక్షలు చేయించుకుందాం" అన్నది.

మొదట ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లాను. పెళ్లి కుదిరిందనగానే సంతోషించి మూత్ర పరీక్ష, రక్త పరీక్ష రాశారు. గతంలో ఒక అబ్బాయితో రెండేళ్లు ఉన్నానని చెప్పాను. కలం కింద పెట్టి, "మరి ఈ పెళ్లెందుకు? ముందు ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు. అంతవరకు 'మీరు' అన్న మనిషే. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. నేను తేల్చుకోవలసినది ఏమీ మిగిలి లేదు. ఈ అమ్మాయినే ప్రేమించాను, ఈ అమ్మాయినే చేసుకుంటున్నాను.

ఎయిడ్స్ నియంత్రణ వారి ఉచిత నంబరు 1097కు ఫోను చేస్తే ప్రభుత్వ ఐసీటీసీకి, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి వెళ్లమన్నారు. ఇద్దరం బస్సెక్కి నెల్లూరు వెళ్లాం. అక్కడ పనిచేసేవారికి ఇబ్బంది రాకూడదని ఆసుపత్రి పేరు రాయడం లేదు.

కౌన్సెలర్ యాభై ఏళ్ల ఆవిడ. కాగితం ముందు పెట్టుకుని, "ఈ ఏడాదిలో ఆడవారితోనా, మగవారితోనా, ఇద్దరితోనా?" అని అడిగారు. మూడు మాటలకూ గొంతు ఒక్కలాగే ఉంది. ఆ మూడో మాట ఒక ఆసుపత్రిలో వినడం నాకు అదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి. ఆవిడ మంచినీళ్లు అందించి నేను తేరుకునేదాకా ఆగారు.

ఆ ప్రశ్న ఎందుకు అవసరమో కూడా చెప్పారు. గనేరియా, క్లమిడియా అనే లైంగిక వ్యాధులు గొంతులోనో మలద్వారంలోనో ఉంటే చాలామందికి ఏ బాధా తెలియదు, మూత్ర పరీక్షలో బయటపడవు. ఎవరితో, ఎలా అని అడగని డాక్టరుకు ఎక్కడి నుంచి నమూనా తీయాలో తెలియదు. అలా మిగిలిపోయిన జబ్బు రేపు భార్యకూ అంటవచ్చు. నన్ను పక్కనే ఉన్న, లైంగిక వ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు పంపారు.

అనుమతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదని, ఫలితం మూడో మనిషికి చెప్పకూడదని 2017 నాటి హెచ్ఐవీ చట్టంలో ఉందట. అది చదివి వినిపించాకే సంతకం అడిగారు. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలకు రూపాయి తీసుకోలేదు. ఫలితం ఆ రోజే ఇచ్చారు. ఇద్దరికీ ఏమీ లేదు. నా పాత సంబంధం ముగిసి మూడు నెలలు దాటింది కాబట్టి మళ్లీ పరీక్ష అక్కరలేదన్నారు. నేను చేసుకోబోయే అమ్మాయి నాకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది. కౌన్సెలర్ ఒక్కదానికీ విసుక్కోలేదు.

లోపం ఒకటుంది, అది చిన్నది కాదు. కౌన్సెలింగ్ గదికి తలుపు లేదు, తెర మాత్రమే. బయట బెంచీ మీద కూర్చున్నవారికి లోపలి మాట వినిపిస్తుంది. నేను చివరిదాకా గొంతు తగ్గించే మాట్లాడాను. ఊరివారు ఎవరైనా ఉండి ఉంటే అసలు నోరు విప్పేవాడిని కాదు. ఫిర్యాదుల పెట్టెలో ఇదే రాసి వేశాను.

హెపటైటిస్ బి టీకా మొదటి డోసు ఇద్దరం వేయించుకున్నాం. నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. రెండో డోసుకు వెళ్లినప్పుడు తలుపు పెట్టారో లేదో చూసి ఇక్కడే రాస్తాను.