వరదల మునిగిన ఇన్వర్టర్, పోచమ్మ మైదాన్ కాడి రిపేర్ షాపు – రెండుసార్లు పోయొచ్చినంక రాస్తున్న

వరంగల్‌ల పోచమ్మ మైదాన్ కాడ సందుల ఒక చిన్న ఇన్వర్టర్ రిపేర్ షాపు ఉంటది, పెద్ద బోర్డు గిట్ల ఏం లేదు, ముంగట పాత బ్యాటరీలు వరుసగ పెట్టి ఉంటయి, లోపల ఒక పెద్దమనిషి, పని నేర్చుకునే పిల్లగాడు, అంతే. నేను రెండుసార్లు పోయిన, రెండుసార్లూ నేను అనుకున్నదానికి ఉల్టా చెప్పిండు, రెండుసార్లూ ఆయన మాటే నిజమైంది.

మొదటిసారి 2023 జులై వానలప్పుడు. మాది నయీంనగర్ నాలాకు దగ్గర్ల గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, తెల్లారి లేచేసరికి ఇంట్ల జానెడున్నర నీళ్లు. ఇన్వర్టర్ కింద చెక్క మీద ఉండె, అది పూర్తిగ మునిగింది, బ్యాటరీ పొడుగు ట్యుబులర్ కాబట్టి సగం మునిగింది గని పైన మూతలు నీళ్లకు అందలే. నీళ్లు తగ్గినంక ఒక షోరూముల అడిగితే వచ్చి చూడకుండనే రెండూ పోయినట్టే, కొత్త సెట్ తీస్కోండి, 23 వేలు అన్నరు. మా బాపుకు ఆస్తమా, రాత్రిపూట నెబ్యులైజర్ పెట్టాలె, కరెంటు పోతే మాకు భయం, అందుకే నేను పైసలు పట్టుకొని పోదామనే అనుకున్న. పక్కింటి కాకనే ఆపి ఈ షాపు చెప్పిండు.

పోంగనే ఆయన అడిగిన మొదటి మాట, "తమ్మీ, మునిగినంక స్విచ్ వేసి చూసిన్రా?" లేదన్న. "అయితే ఆశ ఉంది" అన్నడు. మూత ఇప్పితే బోర్డు మీద బురద పొరలాగ పట్టి ఉంది, రిలేల (బోర్డు మీద స్విచ్ లెక్క పనిచేసే చిన్న డబ్బాలు) కాళ్లు అప్పుడే పచ్చగ చిలుమెక్కినయి. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఊడదీసి పక్కన పెట్టి, ఇది రాగి వైండింగ్, మంచిగ ఆరిస్తే బతుకుతది, మిషన్‌ల అసలు ఖరీదు దీనిదే అన్నడు. బోర్డు కడిగి ఇస్త గని నాలుగు నెలలకు తుప్పు లోపలికి పోయి మళ్ల ఆగుతది, కడిగినందుకు పైసలు తీసుకునుడు నాకు ఇష్టం లేదు, బోర్డు కొత్తది వేసుకో అన్నడు. మొత్తం 2,200 అయింది. బ్యాటరీ చూడనీకె ఇంటికొచ్చిండు, దాదాపు 55 కిలోలు ఉంటదాయె, మనం మోసుకపోలేం, దానికి 200 తీసుకున్నడు. యాసిడ్ ఎంత చిక్కగ ఉందో చూసే హైడ్రోమీటర్ ఒక్కొక్క సెల్‌ల (బ్యాటరీ లోపలి అర) పెట్టి చూసిండు, ఆరింటికీ 1230 దగ్గరనే వచ్చింది, బ్యాటరీకి ఏం కాలేదు, టెర్మినళ్లు తుడిచి గ్రీజు పెడితే చాలు అన్నడు. ఇరవై మూడు వేలు అన్న పని రెండు వేల నాలుగు వందలల్ల అయింది.

ఒక్కటి మాత్రం చెప్పాలె, రెండు రోజులు అని ఐదు రోజులు చేసిండు, ట్రాన్స్‌ఫార్మర్ ఆరలేదని. ఆ ఐదు రాత్రులు మేం పడ్డ గోస నాకే తెలుసు. ముందే ఐదు రోజులని చెప్తే ఎవర్నన్న అడిగి ఒక ఇన్వర్టర్ తెచ్చుకునేటోన్ని. బిల్లు కూడా చిట్టీ మీదనే రాసిస్తడు.

రెండోసారి 2025 దీపావళి అయినంక. ఐదు గంటలు వచ్చే బ్యాకప్ ఇరవై నిమిషాలకు పడిపోయింది, రెండు ఫ్యాన్లు మూడు లైట్లు వేస్తే చాలు కీక్ కీక్ అని మొత్తుకొని బందయితుండె. నీళ్లల్ల మునిగిన మిషన్ కదా ఇగ దాని పని అయిపోయింది, కొత్త ఇన్వర్టర్ కొందాం అని ఫిక్స్ అయి పోయిన. మళ్ల ఇంటికొచ్చిండు. మీటర్ పెడితే 12 వోల్ట్‌ల బ్యాటరీ 10.6 వోల్ట్‌లే చూపెట్టింది. హైడ్రోమీటర్‌ల ఐదు సెల్లు బానే ఉన్నయి, మూడో దాంట్ల తేలే గాజు గొట్టం అడుగుకే కూసుంది, పైకి లేస్తనే లేదు. ఒక సెల్ పోతే రెండు వోల్ట్‌లు పోయినట్టే, లోడ్ వేయంగనే 10.5 కిందికి పోతది, మిషన్ బ్యాటరీ ఖాళీ అయిందనుకొని ఆపేస్తది, మిషన్ తన పని తాను చేస్తుంది తమ్మీ అన్నడు. ఛార్జింగ్ వోల్టేజ్ కూడా చూసిండు, 14.2, సరిగ్గనే ఉంది. యాసిడ్ పోస్తే లేస్తదా అన్నా అని అడిగిన. పొయ్యొద్దు, ప్లేట్లు పోయినంక యాసిడ్ ఏం చెయ్యదు, ఉన్నవి కూడా ఖరాబ్ అయితయి అన్నడు. ఎండాకాలంల డిస్టిల్డ్ వాటర్ చూడక ఆ సెల్‌ల నీళ్లు ప్లేట్ల కిందికి పోయినయి, ఆ తప్పు మాదే. నాలుగేండ్లు దాటిన బ్యాటరీ, వారంటీ కూడా అయిపోయింది, మార్చుడే మంచిది అన్నడు.

కొత్త బ్యాటరీ ఆయన అమ్మడు. డీలర్ దగ్గర తీస్కో, తయారైన తేదీ చూసుకో, వారంటీ కార్డు మీద ముద్ర వేయించుకో, పాతది ఎక్స్చేంజ్‌ల ఇచ్చెయ్, సందుల తిరిగే పాత సామాన్లోనికి అమ్మకు, వాడు సీసం కరిగిస్తడు, ఆ పొగ పిల్లలకు మంచిది కాదు అని చెప్పిండు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లుల ఎంత వేసిండో చూసుకోమని కూడా చెప్పిండు, చూసుకున్న, 18 వేసిండు.

కొత్త బ్యాటరీ వచ్చి బిగించి పోయిండు, ఫుల్ ఛార్జ్ అయినంక మళ్ల వచ్చి ఆరు సెల్లు చూసి, బ్యాటరీ పక్కకు మార్కర్‌తోని తేదీ, 1240 అని ఆరుసార్లు రాసిపెట్టిండు. మూణ్నెల్లకోసారి నీళ్లు చూసి దాని కిందనే రాసుకోమన్నడు. బాపు మొన్ననే తన చేతితోని రెండో వరుస రాసిండు.