ఫోర్ట్ కొచ్చి ఆడియో వాక్ కొనేవాళ్ళూ, ముందు మీరు వెళ్ళేది ఏ రోజో చూసుకోండి

ఫోర్ట్ కొచ్చి మీద నాకేం కోపం లేదు, వీలైతే మళ్ళీ వెళ్తా. నా కోపమంతా ఫోన్లో అమ్మే ఒక ‘సెల్ఫ్ గైడెడ్ హెరిటేజ్ వాక్’ మీద, అంటే గైడ్ లేకుండా ఫోన్లో యాప్ చెప్పేది వింటూ పాత కట్టడాలు చూసే నడక. శబరిమల నుంచి తిరిగొస్తూ కొచ్చిలో ఒక పూట ఆగేవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఆ ప్రకటన తెలుగులోనే వస్తోంది కాబట్టి మీరు కొనేలోపే ఇది రాసేస్తున్నా.

డిసెంబర్లో అమ్మ, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మావాడు, నేను వెళ్ళాం. ఫ్యామిలీ ప్యాక్ 1,499 రూపాయలు. ఎంట్రీ టికెట్లతో సహా అన్నారు, నెట్ లేకపోయినా పనిచేస్తుందన్నారు, నడక మొత్తం ఒకటిన్నర కిలోమీటరే, పెద్దవాళ్ళకూ సులువే అన్నారు. తెలుగు ఆడియో అని పెద్దక్షరాల్లో వేశారు. కట్టేముందు యాప్ తేదీ అడిగింది. శుక్రవారం పెట్టాను. కిక్కురుమనకుండా తీసుకుంది.

ఎర్నాకుళం నుంచి పడవలో దిగి మొదట సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి వెళ్ళాం. హెడ్‌ఫోన్లో ఒక గొంతు మొదలైంది: “వీధి ఫ్రాన్సిస్ చర్చికి స్వాగతం.” నాకు ముందు అర్థం కాలేదు. ఇంగ్లీషులో సెయింట్‌ని ఎస్, టీ అని పొట్టిగా రాస్తారు కదా, యంత్రం దాన్ని స్ట్రీట్ అనుకుని తెలుగు చేసిపారేసింది. 1503 అనే సంవత్సరాన్ని “ఒకటి ఐదు సున్నా మూడు” అని ఫోన్ నంబర్లా చదివింది. మావాడు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు.

అంతవరకూ సరదాగానే ఉంది. తర్వాత “వాస్కో డ గామా నేటికీ ఇక్కడే శాశ్వత నిద్రలో ఉన్నాడు” అంది. గామా 1524లో క్రిస్మస్ ముందురోజు కొచ్చిలోనే చనిపోయాడు, పూడ్చిందీ ఈ చర్చిలోనే. కానీ పదిహేనేళ్ళు తిరక్కుండానే అస్థికలు పోర్చుగల్‌కు తీసుకెళ్ళిపోయారు. ఇక్కడ మిగిలింది సమాధి రాయి మాత్రమే. డబ్బు తీసుకుని చెప్పేవాడికి ఈమాత్రం తెలియొద్దా? తలెత్తితే పైన వరసగా గుడ్డ పంకాలు వేలాడుతున్నాయి. కరెంటు లేని రోజుల్లో తాడు పట్టి లాగుతూ వాటితో గాలి విసిరేవాళ్ళట. వాటి గురించి ఆడియోలో ఒక్క ముక్క లేదు.

అక్కణ్నుంచి మ్యాప్ పని కూడా అయిపోయింది. మేం చేపలు పట్టే చైనా వలల దగ్గర గట్టు మీద నిలబడితే నీలం చుక్క నీళ్ళలో ఈదుతోంది. ఫోనేమో “మీరు శాంటా క్రూజ్ బసిలికా చేరుకున్నారు” అని ఇంకో చర్చి పేరు చెప్తోంది. ఆ వలలు మాత్రం చూసి తీరాలి. ఒకాయన దూలం మీద నీళ్ళవైపు నడుస్తుంటే ఆయన బరువుకి వల మెల్లగా నీళ్ళలోకి దిగుతుంది. పైకి లేపేటప్పుడు తాళ్ళకు వేలాడే పెద్ద పెద్ద రాళ్ళు అవతలివైపు బరువై సాయం చేస్తాయి. తాడు లాగండని మమ్మల్నీ పిలిచారు, లాగాం, తర్వాత డబ్బులు అడిగారు. ఆడియో దీన్ని ‘ఉచిత అనుభవం’ అంది. అది వాళ్ళ పని, వాళ్ళ సమయం, అడగడంలో తప్పేముంది? ఉచితం అని మాకు నూరిపోసినవాడిదే తప్పు.

ఇక నడక. వలల దగ్గర్నుంచి మట్టాంచేరి ప్యాలెస్ దాకా దాదాపు మూడు కిలోమీటర్లు. బజార్ రోడ్డులో లారీలు, బస్తాలు, దిగుమతి హడావుడి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ సగం దారిలో ఒక గోడౌన్ అరుగు మీద కూలబడిపోయింది. ఆటో మాట్లాడుకుని వెళ్తే ప్యాలెస్ గేటుకి తాళం. శుక్రవారం సెలవట! పక్కనే ఉన్న పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కూడా శుక్రవారం మధ్యాహ్నం నుంచి మూసేస్తారు. 1568 నాటి కట్టడం, దేనికదే వేరుగా చేత్తో వేసిన నీలం బొమ్మల చైనా పలకలు, వాటి కోసమే మా ఆవిడ ఈ ప్రయాణం పెట్టించింది. బయట నిలబడి గడియారం టవర్ చూసి వచ్చేశాం.

ఆ యాప్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. “సార్, మీ టికెట్ కోడ్ ఇరవై నాలుగు గంటలు పనిచేస్తుంది, రేపు పొద్దున్నే వెళ్ళిపోండి” అన్నాడు. నమ్మి వెళ్ళాం. శనివారం యూదుల సబ్బాతు, అంటే వాళ్ళ విశ్రాంతి రోజు, సినగాగ్ రోజంతా తెరవరు. ప్యాలెస్ తెరిచారు గానీ కౌంటర్లో ఆయన నా క్యూఆర్ కోడ్ వైపు కూడా చూడలేదు, మాకు సంబంధం లేదన్నాడు. చిల్లరిచ్చి టికెట్లు తీసుకున్నాం.

లోపల పడకగది గోడల నిండా రామాయణం. దశరథుడి యాగం దగ్గర్నుంచీ ఉంది. ఆడియో కట్టేసి అమ్మ మొదలుపెట్టింది, “ఇదిగో ఇది పాయసం పంచడం, కౌసల్యకు ముందు...” అని. మావాడు గోడ గోడకీ ఆమె వెంటే తిరిగాడు. (ఫోటోలు తియ్యనివ్వరు, అడగొద్దు.)

రిఫండ్ అడిగితే కోడ్ ఒకసారి యాక్టివేట్ అయ్యాక డబ్బు తిరిగి ఇవ్వరట. ‘వీధి ఫ్రాన్సిస్’ వినడమే యాక్టివేషన్ అన్నమాట. 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు పెట్టాను.

మీరు వెళ్తే ఆదివారం నుంచి గురువారం లోపు చూసుకోండి, యూదుల పండగ రోజులు తప్పించండి. చర్చి, వలలు ఒక పూట, ఆటోలో మట్టాంచేరి ఇంకో పూట. దీనికి ఏ యాప్‌కీ పైసా కట్టక్కర్లేదు. దారిలో ఆటో అతను ‘ఒక్క షాపు చూసి వెళ్దాం’ అంటే అదంతా కమిషన్ వ్యవహారం, కొనే ఉద్దేశం లేకపోతే ముందే వద్దనండి. ఇప్పటికే ఆ ప్యాక్ కొన్నవాళ్ళుంటే కోడ్ తెరవకముందే క్యాన్సిల్ కొట్టండి, తెరిచాక వాళ్ళు పైసా తిరిగివ్వరు.