సాంచాల షెడ్డులో చెవికి ఏది మేలు: ప్లగ్గా, మఫ్ఫా?

సిరిసిల్ల వైపు ఆసాములు, అంటే సాంచాల (మరమగ్గాల) యజమానులు, పదేపదే అడిగేది ఇదే: చప్పుడు ఆపడానికి చెవిలో దూర్చే ప్లగ్గా, చెవుల మీద కప్పే మఫ్ఫా? కొనేటప్పుడు అందరి కన్నూ డబ్బా మీది ఎన్‌ఆర్‌ఆర్ అంకె మీదే, అంటే చప్పుడును ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే అంకె. స్పాంజి ప్లగ్గు మీద 29, 33 అని ఉంటుంది, మఫ్ఫు మీద 25 అటూ ఇటూ ఉంటుంది. ఆ అంకె ప్రయోగశాలలో వచ్చింది. షెడ్డు లెక్కకు అందులోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేసుకోవాలి. అప్పుడు 29 ప్లగ్గు తగ్గించేది 11 డెసిబెల్స్, 25 మఫ్ఫు తగ్గించేది 9. రెండు డెసిబెల్స్ తేడాకు ఇంత తర్జనభర్జన అక్కర్లేదు.

తేల్చేది వేరే ఉంది: షిఫ్టులో ఎంతసేపు చెవి ఖాళీగా ఉంటుంది? 12 గంటల షిఫ్టులో ముప్పావు గంట తీసి ఉంచారనుకోండి. నిజంగా 30 డెసిబెల్స్ ఆపే సరుకైనా, మొత్తం మీద చెవికి దక్కే రక్షణ 12కి పడిపోతుంది. 20 మాత్రమే ఆపేది వాడినా దక్కేది 11. అంటే ఖరీదైన సరుకు ఇచ్చే లాభమంతా ఆ ముప్పావు గంటే మింగేస్తుంది. ఫోనొచ్చిందని ఐదు నిమిషాలు, చాయ్‌కి లేచేముందు సాంచాల మధ్యే ముచ్చటకు పది నిమిషాలు. ముప్పావు గంట ఇట్టే అవుతుంది.

షటిల్ సాంచాల షెడ్డులో చప్పుడు మామూలుగా 95 నుంచి 100 డెసిబెల్స్. ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం రక్షణ లేకుండా 90లో 8 గంటలు, 95లో 4, 100లో 2 గంటలే ఉండొచ్చు.

చెవి ఖాళీగా ఉండే సమయం లెక్కన చూస్తే మఫ్ఫు ఎక్కడ ఓడిపోతుందో తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద గంట తిరక్కముందే కుషన్ లోపల చెమట పడుతుంది, మఫ్ఫు మెడలోకి జారుతుంది. కళ్లజోడు కాడ, తలకు చుట్టిన తువ్వాల అడ్డొస్తే కుషన్ అతుక్కోదు, ఆ సందులోంచి చప్పుడు దూరుతుంది.

స్పాంజి ప్లగ్గుకు ఉక్క బాధ లేదు. చిక్కు పెట్టేటప్పుడే. శుభ్రమైన వేళ్లతో ముడతల్లేకుండా సన్నగా చుట్టాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, ప్లగ్గు లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో ఆపాలి. తర్వాత రెండు అరచేతులతో చెవులు మూసి చూడండి. చప్పుడు బాగా తగ్గిందంటే ప్లగ్గు సరిగా కూర్చోలేదన్నమాట. సగం బయటికి కనిపిస్తున్న ప్లగ్గు అలంకారానికే. కండెలు మార్చి, పోగులు అతికే చేతికి నూనె, దుమ్ము ఉండనే ఉంటాయి. మధ్యలో తీసి, అదే చేత్తో మళ్లీ చుట్టి పెడితే ఆ మురికంతా చెవిలోకే.

అందుకే సాంచాలు నడిపేవాళ్లకు మొగ్గు దారం కట్టిన మూడు అంచుల సిలికాన్ ప్లగ్గు వైపే. కాడ పట్టుకుని పెట్టొచ్చు, చెవిలోకి వెళ్లే భాగాన్ని వేలు తాకదు. తీసినా మెడకే వేలాడుతుంది కాబట్టి రెండు క్షణాల్లో మళ్లీ ఎక్కుతుంది. రోజూ సబ్బునీళ్లతో కడగాలి, అంచులు బిరుసెక్కితే మార్చాలి. అందరి చెవి రంధ్రం ఒకటి కాదు కాబట్టి రెండు మూడు సైజులు తెప్పించి పెట్టి చూశాకే ఎంచుకోవాలి. బయటికి లాగేటప్పుడు మెల్లగా తిప్పుతూ తీయాలి, గుంజితే కర్ణభేరి నొస్తుంది.

మఫ్ఫు నప్పేది జాబర్‌కు, అంటే సాంచాలు బాగుచేసే మెకానిక్‌కు. షెడ్డులోకి వచ్చి, పది నిమిషాలు రిపేరు చేసి, బయటికి వెళ్లే పని అతనిది. చెవిలో చీము, పుండు ఉన్నవాళ్లకు కూడా ప్లగ్గు పెట్టకూడదు, మఫ్ఫే దిక్కు. అయితే పగిలిన కుషన్, సాగిన బ్యాండ్ ఉన్న మఫ్ఫు ఇవ్వకండి.

దూది అసలు లెక్కలోకే రాదు. ప్లగ్గు, మఫ్ఫు రెండూ కలిపి వాడితే రెట్టింపు రాదు, ఎక్కువ ఆపేదానికి ఇంకో 5 డెసిబెల్స్ కలుస్తాయంతే. ఏది కొన్నా ఆ డబ్బుతోపాటు అరిగిన పికర్లు (షటిల్‌ను కొట్టేవి), బఫర్లు (దెబ్బను ఆపేవి) మార్చండి, వదులైన బోల్టులు బిగించండి. షటిల్‌ను కొట్టి ఆపే చోటే చప్పుడు ఎక్కువగా పుట్టేది.