జుమ్మేరాత్ బజార్ సామానుతో క్రిస్మస్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

మా ఇంట్లో క్రిస్మస్ అలంకరణ సామాను మొత్తంలో పూర్తి ధర పెట్టి కొత్తగా కొన్నవి కరెంటు లైట్లే. మిగతావి చాలావరకు సెకండ్‌హ్యాండ్. కొన్ని హైదరాబాద్‌లో గురువారం జరిగే పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో దొరికాయి, కొన్ని ఎర్రగడ్డ ఆదివారం సంతలో బేరమాడి తెచ్చాను. మెట్టుగూడ, లాలాగూడ వైపు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయే రైల్వే కుటుంబాలు అమ్మేసినవి కొన్ని. ఇంకొన్ని జనవరి మొదటి వారంలో షాపులవాళ్లు సగం ధరకి వదిలించుకునేవి. డిసెంబర్‌లో ఇంటికొచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుని, ఎక్కడ కొన్నారో చెప్పమంటారు. కొన్న రోజు ఏ వస్తువైనా బాగానే మెరుస్తుంది. నాలుగైదు క్రిస్మస్‌లకి అటకెక్కి దిగాక అది ఎలా ఉందో చెబితేనే కొనేవాళ్లకి ఉపయోగం. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు గాజు బాల్స్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరికి వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దావిడ ఇంట్లో గిన్నెలు, కుర్చీలు, కుట్టుమిషన్ అన్నీ అమ్మకానికి పెట్టినప్పుడు, వంటింటి మూల ఒక అట్టపెట్టె కనిపించింది. లోపల గళ్లు గళ్లుగా అట్ట అడ్డాలు, గడికో గాజు బాల్. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, గుడ్డు పెంకంత పల్చన. మాల్‌లో దొరికే ప్లాస్టిక్ బాల్స్ పక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. వీటికి వెండి పూత లోపలివైపు ఉంటుంది. సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని లోపల పోసి తిప్పితే గాజు గోడకి వెండి పట్టుకుంటుంది, అద్దాల వెనక వేసే పూతలాగే. రంగు వేసేది పైన. అందుకే మెరుపు లోపల్నుంచి వస్తున్నట్టు ఉంటుంది. ప్లాస్టిక్‌కి ఎంత తళుకు అద్దినా ఆ లోతు రాదు.

మా పెట్టెలో కొన్నిటికి మెడ దగ్గర తొడిగిన లోహపు టోపీల మీద 'వెస్ట్ జర్మనీ' అని అచ్చు ఉంది. అలా ఉంటే అది 1949కీ 1990కీ మధ్య తయారైనదని ధైర్యంగా అనుకోవచ్చు, ఆ పేరుతో దేశం ఉన్నది అప్పుడే కదా. ఈ గాజు బాల్స్‌కి పుట్టిల్లు లౌషా అనే కొండ ఊరు. యుద్ధం తర్వాత అది తూర్పు జర్మనీలోకి పోవడంతో కొందరు గాజు ఊదేవాళ్లు పడమటి వైపుకి వలస వచ్చేశారు. న్యూజెర్సీలో ఉండే మా చిన్నాన్న కూతురికి అక్కడి పాత సామాన్ల షాపుల్లో షైనీ బ్రైట్ అనే అమెరికన్ బాల్స్ దొరుకుతాయి. కరెంటు బల్బులు ఊదే మిషన్ మీదే తయారైనవి అవి. రెండో ప్రపంచ యుద్ధంలో లోహానికి కరువొచ్చి వాటికి అట్ట టోపీలు పెట్టారు, లోపలి వెండి పూత కూడా మానేశారు. పూత లేకుండా పైన సన్నటి గీతలతో ఉండే ఆ అట్ట టోపీ బాల్స్ కోసం ఇప్పుడు అక్కడ పోటీ పడుతున్నారట. నాకు మాత్రం వెండి పూతవే ముద్దు.

ఇన్నేళ్ల వాడకంలో వీటి గురించి తెలిసింది ఇది. నీళ్లు తగలకూడదు. తడిగుడ్డతో తుడిస్తే పాత రంగు గుడ్డకే అంటుకుని వచ్చేస్తుంది. పెయింటింగ్ బ్రష్ లాంటి మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. సికింద్రాబాద్ పొడి గాలికి నా దగ్గరివి బాగానే ఉన్నాయి. ఇదే పెట్టెలోంచి మచిలీపట్నంలో ఉండే మా అక్కకి ఇచ్చినవాటి లోపల మాత్రం నల్ల మచ్చలు వచ్చాయి. సముద్రపు తేమ మెడ దగ్గర కన్నంలోంచి లోపలికి పోయి వెండిని తినేస్తుంది. పగిలేవాటిలో ఎక్కువ భాగం చేయి జారి పగిలేవి కావు. టోపీలో ఉండే రెండు కాళ్ల స్ప్రింగు తీగ వదులై, టోపీ చెట్టు మీదే ఉండిపోయి గాజు కింద పడుతుంది. వేలాడదీసే ముందు ప్రతిదాన్నీ మెల్లిగా లాగి చూడాలి. వదులుగా ఉంటే తీగ కాళ్లని కటింగ్ ప్లేయర్‌తో కాస్త వెడల్పు చేసి మళ్లీ దూర్చాలి. దాచడానికి కోడిగుడ్ల అట్ట ట్రేలని మించినవి లేవు. న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, సిరా పాత రంగుకి పట్టేస్తుంది. నేను పాత నూలు చీర ముక్కల్లో చుడతాను.

జర్మనీవి దొరకలేదని బాధపడక్కర్లేదు. మన గాజులు తయారయ్యే ఫిరోజాబాద్‌లోనే ఎగుమతి కోసం క్రిస్మస్ బాల్స్ కూడా చేస్తారు. జనవరిలో తక్కువ ధరకి దొరికితే రెండో మాట లేకుండా తీసుకోండి. కాస్త మందంగా ఉంటాయి, పిల్లలున్న ఇంటికి అవే నయం.

ఇక ఇత్తడి. జుమ్మేరాత్ బజార్‌లో ఇత్తడి సామాను చాలావరకు తూకం మీద అమ్ముతారు. చిన్న గంటలు, కొవ్వొత్తి స్టాండ్లు, దేవదూత బొమ్మలు అన్నీ ఒకే గుట్టలో ఉంటాయి. మొరాదాబాద్ ఎగుమతి సరుకులో మిగిలినవి వీటిలో బాగా కనిపిస్తాయి. అయస్కాంతం ఒకటి బ్యాగులో వేసుకెళ్లండి. అతుక్కుంటే లోపల ఇనుము, పైన పూత. అతుక్కోనంత మాత్రాన ఇత్తడే అని కాదు, చేతిలో బరువు కూడా చూసుకోవాలి. ఒకసారి నేను అయస్కాంతం తీయగానే అమ్మే కుర్రాడు నవ్వేసి, "అక్కా, నువ్వు తెలిసినదానివే, అది వదిలేయ్, ఇది తీస్కో" అని ఇంకో గంట చేతిలో పెట్టాడు. అదే ఇప్పటికీ మా గుమ్మానికి వేలాడుతోంది.

కొన్నిటి మీద కంటికి కనిపించని వార్నిష్ లాంటి పూత ఉంటుంది, ఇది చాలామంది గమనించరు. అలాంటివాటిని చింతపండు పెట్టి తోమితే పూత అక్కడక్కడా లేచి మచ్చల దూడలా తయారవుతాయి. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంతో ఆ పూతంతా ముందే తీసేస్తే తర్వాత ఏటా చింతపండుకి చక్కగా మెరుస్తాయి. ఇత్తడిలో లోపమేంటంటే ఈ తోముడే. క్రిస్మస్ ముందు వారం కజ్జికాయలు, గులాబీ పువ్వులు వండుకునే హడావుడిలో గంటలు తోముతూ కూర్చునే ఓపిక లేకపోతే వీటి జోలికి పోవద్దు. అన్నట్టు, ఆ గుట్టలో నాకు దొరికిన గంటల్లో సగం పూజ గంటలే. క్యారల్స్‌కి వచ్చిన సంఘ పెద్ద ఒకాయన వాటిని చూసి, "ఏమ్మా, గుడి పెట్టావా?" అన్నాడు. టీ తాగి, ఒకటి మోగించి చూసి మరీ వెళ్లాడు.

మా అత్తయ్యది పాలకొల్లు. ఆవిడ చలవ వల్ల మా ఇంటికి నరసాపురం లేసు వచ్చింది. గోదావరి జిల్లాల్లో మిషనరీ దొరసానులు 19వ శతాబ్దంలో నేర్పిన అల్లిక ఇది. ఇప్పటికీ నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని కొక్కెం సూదితో అల్లుతారు. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత టేబుల్ గుడ్డలు, గుండ్రటి చిన్న లేసు ముక్కలు పాత సామాన్లలో అడుగున నలిగి ఉంటాయి, అమ్మేవాడికి వాటి విలువ తెలియదు. పసుపెక్కినవాటిని కుంకుడు రసంలో నానబెట్టి ఎండలో వేస్తే చాలావరకు తెల్లబడతాయి. బ్లీచింగ్ వాడితే దారం పీలికలైపోతుంది.

నేను చేసేది ఇంతే. సగ్గుబియ్యం గంజి చిక్కగా కాచి, లేసు ముక్కని ముంచి పిండి, బోర్లించిన గిన్నె మీద పరిచి ఆరనిస్తాను. ఎండాక గట్టిగా గిన్నె ఆకారంలో నిలబడుతుంది. దారం కట్టి కిటికీకి వేలాడదీస్తే మంచు పూవుల్లా ఉంటాయి. వీటికి శత్రువు ఆ గంజే. గంజితో సహా దాచిన లేసుని పుస్తకాల్లో తిరిగే సన్నటి వెండి రంగు పురుగులు హాయిగా తినేస్తాయి. కలరా ఉండలు వేసినా లాభం లేదు. జనవరిలో గంజంతా పోయేలా ఉతికి, బాగా ఎండబెట్టి మెత్తగా మడిచిపెట్టండి. మళ్లీ గంజి పెట్టేది వచ్చే డిసెంబర్‌లోనే. ధరకీ మన్నికకీ చూస్తే మొత్తం సామానులో లేసుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

పాత సీరియల్ లైట్లు మాత్రం కొనకండి. ఎర్రగడ్డలో రంగురంగుల పువ్వు టోపీల బల్బుల సెట్లు ఎంతో ముచ్చటగా కనిపిస్తాయి, చిన్నప్పటివి గుర్తొస్తాయి. 230 వోల్టుల కరెంటు 40 బల్బుల వరసలో పంచుకుంటే ఒక్కోదానికి 6 వోల్టుల చొప్పున వస్తుంది. ఒకటి మాడితే మొత్తం ఆరిపోతుంది. మాడినదాన్ని తీసేసి తీగలు కలిపితే మిగతావాటి మీద భారం పెరిగి అవి ఇంకా త్వరగా మాడతాయి. పైగా ఏళ్లకేళ్లు ఎండిన వైరు తొడుగు వంచితే పగులుతుంది, కింద రాగి బయటపడుతుంది. మా ఎదురింట్లో అలాంటి సెట్టు ఇనుప కిటికీకి చుట్టారు, కిటికీ ముట్టుకున్న పనమ్మాయికి షాక్ కొట్టింది. దీపావళి అయిన మర్నాటి నుంచి బేగంబజార్‌లో మిగిలిన కొత్త ఎల్‌ఈడీ దండల ధర పడిపోతుంది. అప్పుడు కొనిపెట్టుకోండి.

స్టార్ విషయంలో మేం కొత్తది కొనడం ఎప్పుడో మానేశాం. వెదురు బద్దల చట్రం పాతదే, కాగితం మాత్రం ఏటా మారుస్తాం. ధూల్‌పేటలో సంక్రాంతి గాలిపటాల పని డిసెంబర్‌కే ఊపందుకుంటుంది కాబట్టి గాలిపటం కాగితం అన్ని రంగుల్లో, దాదాపు ఉచితం అన్నంత చవకగా దొరుకుతుంది. మైదా జిగురుతో అంటిస్తే సరి. లోపల వేడెక్కే పాత 40 వాట్ల బల్బు పెట్టేవాళ్లు, కాగితం గోధుమ రంగులోకి తిరిగేది. 5 వాట్ల ఎల్‌ఈడీతో ఆ టెన్షన్ లేదు. వానకి మాత్రం దీని దగ్గర జవాబు లేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తెనాలిలో అమ్మావాళ్ల స్టార్ బద్దలు మాత్రమే మిగిలింది. నాన్న మూడో రోజుకే కొత్త కాగితం అంటించేశాడు.

చెట్టు దగ్గర సెకండ్‌హ్యాండ్ నన్ను నిరాశపరిచింది. పాత ప్లాస్టిక్ చెట్టు విప్పిన ప్రతిసారీ ఆకులు రాలతాయి, స్టాండు కాలొకటి విరిగి ఉంటుంది, ఏదో పాత కర్టెన్ వాసన వస్తుంది. ఇప్పుడు బాపట్ల వైపు నుంచి వచ్చే చుట్టాలతో సరుగుడు కొమ్మ తెప్పించుకుంటున్నాం. కోస్తాలో మా చిన్నప్పుడు క్రిస్మస్ చెట్టంటే అదే. తడి ఇసుక బకెట్లో పాతి, అప్పుడప్పుడూ నీళ్లు చల్లితే పది రోజుల వరకు పచ్చగా ఉంటుంది. కొమ్మలు సన్నటివి, బరువు ఆగవు. విచిత్రంగా మా పాత గాజు బాల్స్‌కి అవే సరిపోయాయి, ఫిరోజాబాద్‌వి వేస్తే కొమ్మ వంగిపోతుంది. ఎండుతున్న కొద్దీ దీనికి నిప్పు భయం ఎక్కువ. కొవ్వొత్తులు గదికి అటువైపు ఉండాలి.

యేసు పుట్టిన పశువుల పాక బొమ్మల సెట్టు కొంటే ఏదో ఒకటి తప్పిపోయి ఉంటుంది. మా సెట్టులో ముగ్గురు జ్ఞానుల్లో ఒకరు, ఎద్దు లేవు. ఎద్దు స్థానంలో కొండపల్లి తెల్ల పొణికి చెక్క ఎద్దుని పెట్టాం. అది పాక కంటే పెద్దది, పిల్లలకి అదే హీరో. జ్ఞాని సంగతి ఇంకా తేలలేదు, ఇద్దరితోనే నడుస్తోంది. నేల మీద ట్రేలో గోధుమలు చల్లి తొమ్మిది రోజుల ముందు మొలకెత్తిస్తే నిజమైన గడ్డి వస్తుంది. రంగు బొమ్మల విషయంలో ఒక జాగ్రత్త. ఇంట్లో వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకి 90 పాళ్లు దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు బొమ్మల పెచ్చులూడే రంగులో ఏముందో ఎవరు చూశారు? నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే షోకేసు అద్దాల వెనకే పెట్టండి.

మంచు స్ప్రేలు, సగం కాలిన సువాసన కొవ్వొత్తులు, నలిగిన జిగినీ దండలు ఎంత చవకైనా అనవసరం. జిగినీ సంక్రాంతి దాకా చీపురుకి తగులుతూనే ఉంటుంది.

బేరానికి నవంబర్ మంచిది. డిసెంబర్ వచ్చిందంటే జుమ్మేరాత్ బజార్ వాళ్లు కూడా గంట చూపించి "క్రిస్మస్ మాల్" అంటూ రేటు పెంచేస్తారు. పొద్దున్నే పోవాలి, ఎండెక్కేసరికి మంచివి డీలర్ల ఆటోల్లో ఉంటాయి. అద్దె ఇల్లు, అటక లేదు అనుకునేవాళ్లు గాజు పెట్టెలతో మొదలుపెట్టొద్దు. వాటికి గుడ్ల ట్రేలు, ట్రంకు పెట్టె, దాని మీద ఇంకేమీ పెట్టని జాగా కావాలి. లేసుకి దిండు గలేబు చాలు. స్టార్ చట్రం మంచం కిందకి దూరిపోతుంది.